కత్తి ముందా, మందు ముందా?

కల్వకుర్తి దగ్గర ఒక ఊరి నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆమెకు 36 ఏళ్లు, టైలరింగ్ షాపు నడుపుతారు. అక్కకు 43. పోయిన బతుకమ్మ పండుగప్పుడు స్నానం చేస్తుంటే అక్క చేతికి కుడి రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని, పత్తి ఏరే పని ఒడవనీ అని, సంక్రాంతి దాకా ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో మామోగ్రామ్, సూదితో ముక్క పరీక్ష, హైదరాబాద్‌లో పెట్ స్కాన్ అయ్యాయి. గడ్డ 3.8 సెంటీమీటర్లు, చంకలో ఒక గ్రంథికి పాకింది, ఇంకెక్కడా లేదు, రకం ట్రిపుల్ నెగెటివ్. "స్టేజి రెండు. ముందు కీమో, ఐదారు నెలల తర్వాత ఆపరేషన్, ఈలోపు జీన్ టెస్ట్ చేయిద్దాం" అన్నారట డాక్టర్. మొదటి కీమో వచ్చే మంగళవారం.

ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది. బావ "గడ్డను ఒంట్ల పెట్టుకొని ఆరు నెలలు మందులెక్కించుడేంది, ముందు కోసి తీసెయ్యాలె" అంటున్నాడు. ఇంకో ఆస్పత్రి వాళ్లు ఈ శుక్రవారమే ఆపరేషన్ చేస్తామన్నారు. చిన్నమ్మ ఏమో సూది గుచ్చబట్టే చంకకు పాకిందని, పసరు మందు ఇప్పిద్దామని అంటోంది. జీన్ టెస్ట్ మాటెత్తితే బావకు కోపం: "మా వంశంల లేదు, మీ ఇంటి నుంచి వచ్చింది." అక్కది మేనరికం. బావ స్వయానా మేనత్త కొడుకు. ఆ మేనత్త 27 ఏళ్ల కింద, 41 ఏళ్లకే "రొమ్ముల పుండు పడి" పోయింది. బాబాయికి 58 ఏళ్లప్పుడు ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. నాన్నకు 70, బాగానే ఉన్నాడు. అమ్మ తరఫున ఎవరికీ లేదు. అక్క బిడ్డకు 19 ఏళ్లు, ఆ పిల్లను వీళ్ల అన్న కొడుక్కి ఇద్దామని మాట ఉంది. టెస్ట్ సంగతి ఊళ్లో తెలిస్తే ఆ పెళ్లి ఆగుతుందని భయం. అన్నేమో ఇది ఆడవాళ్ల జబ్బు, నాకెందుకు టెస్ట్ అంటున్నాడు. ప్లాటు అమ్మిన నాలుగు లక్షలు చేతిలో ఉన్నాయి. "ఎవరి మాట వినాలె? నేనూ టెస్ట్ చేయించుకోవాలా? అందరం అరుచుకుంటున్నం సార్, అక్క మాత్రం ఒక్కటే అడిగింది, జుట్టంత పోతదా అని."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను క్యాన్సర్ ఆపరేషన్లు చేసే డాక్టర్ని, పుట్టింది పాలమూరులోనే, కాబట్టి మీ ఇంట్లో ఆ కేకలు ఎట్లా ఉంటాయో నాకు వినబడుతూనే ఉంది. మీ బావ మీద కోపం తెచ్చుకోకండి ముందు. ఆయన అడిగిన ప్రశ్న నా దగ్గరికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అడగడం సహజం కూడా. కళ్ల ముందు గడ్డ కనబడుతుంటే దాన్ని తీసి పారేయకుండా చేతికి సెలైన్ పెట్టడం ఏమిటని అనిపిస్తుంది.

మీరు చిన్నప్పుడు మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టును చూసే ఉంటారు. 2017 డిసెంబర్‌లో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చూస్తే చెట్టు లోపలంతా చెదలు. పడిన కొమ్మను తీసేస్తే సరిపోదని అటవీశాఖ వాళ్లకు అర్థమైంది. మొదట కాండానికి రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. అప్పుడు సెలైన్ సీసాల్లో చెదల మందు కలిపి, చుక్క చుక్కగా ఎక్కించారు, చెట్టంతా సీసాలు వేలాడిన ఆ ఫొటోలు 2018లో పేపర్లలో వచ్చాయి. మీ అక్క విషయంలో డాక్టర్ చెప్పిందీ దాదాపు అదే. చేతికి తగిలే గడ్డను నేను కోసి తీయగలను. చంక దాకా వచ్చిన క్యాన్సర్ కణాలు రక్తంలో కలిసి ఇంకెక్కడన్నా ఒకటి రెండు కూర్చున్నాయా అన్నది పెట్ స్కాన్‌కు కూడా కనబడదు, నా కత్తికీ అందదు. వాటికి మందే దిక్కు. ట్రిపుల్ నెగెటివ్ అంటే హార్మోన్ మాత్రలకు, హెర్2 అనే ప్రొటీన్‌ను గురిపెట్టే మందులకు లొంగని రకం, చురుగ్గా పెరిగే రకం. కానీ కీమోకు బాగా కరిగే రకం కూడా ఇదే.

ముందు కీమో ఇస్తే ఇంకో పెద్ద లాభం ఉంది. మందు పనిచేస్తుందో లేదో కళ్లారా చూస్తాం. ఆపరేషన్ రోజున తీసిన ముక్కలో క్యాన్సర్ ఒక్క కణం కూడా మిగలకపోతే జబ్బు తిరిగి వచ్చే అవకాశం బాగా తగ్గినట్టు. ఇంకా మిగిలి ఉంటే ఆ తర్వాత ఇచ్చే మందులు మారతాయి: కెపెసిటబిన్ మాత్రలు, జీన్ టెస్ట్‌లో బీఆర్‌సీఏ అనే జీన్‌లో లోపం తేలితే ఏడాది పాటు ఒలాపరిబ్ మాత్రలు. ముందే కోసేస్తే ఈ సమాచారం శాశ్వతంగా పోతుంది, కరిగిందో లేదో చూడడానికి గడ్డే ఉండదు కదా.

అట్లాగని శుక్రవారం ఆపరేషన్ చేయిస్తే అక్కను చంపినట్టు అని మాత్రం అనుకోకండి. చాలా ఏళ్లు అట్లాగే చేశాం, ఆ తర్వాత కీమో ఇచ్చాం, బతికి బాగున్నవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ఆ దారిలో కీమో ఎట్లాగూ తప్పదు, పైగా కోసిన చోట పుండు మానకుండా సతాయిస్తే కీమో వెనక్కి జరుగుతుంది, చంకలో గ్రంథులు ఎక్కువ తీయాల్సి రావచ్చు. ఎక్కువ తీసినకొద్దీ చేయి వాపు వచ్చే అవకాశం పెరుగుతుంది. పత్తి ఏరే మనిషికి కుడి చేయి వాపు చిన్న సంగతి కాదు. ముందు కీమోతో చంకలోది కరిగితే కొన్నిసార్లు నాలుగైదు గ్రంథులు తీసి చూడడంతో సరిపోతుంది. నా చెల్లెలైతే నేను కీమోతోనే మొదలుపెట్టమంటాను. కొద్దిమందిలో మందు నడుస్తుండగానే గడ్డ పెరుగుతుంది, అందుకే ప్రతి విడత కీమోకూ చేత్తో చూసి, మధ్యలో స్కాన్ తీస్తారు, పెరుగుతుంటే ఆపరేషన్ ముందుకు జరుపుతారు. ఈ మాట మీ బావకు చెప్పండి. ఆయన భయమంతా గడ్డను ఎవరూ చూడకుండా వదిలేస్తారనే.

మంగళవారం వెళ్లినప్పుడు ఒకటి తప్పకుండా అడగండి: "గడ్డలో క్లిప్పు పెట్టారా?" నువ్వుగింజంత లోహపు ముక్క అది. కీమోకు గడ్డ పూర్తిగా కరిగిపోతే అది ఉన్న చోటు ఎక్కడో తర్వాత నాకు తెలియాలి కదా, ఆ క్లిప్పే ఆనవాలు. చంకలోని గ్రంథికి కూడా వీలైతే పెడతారు. ఒకసారి నా దగ్గరికి వేరే చోట కీమో పూర్తయి, క్లిప్పు లేకుండా ఒకామె వచ్చింది. గడ్డ మాయమైంది, సంతోషమే, కానీ ఎక్కడ కోయాలో తెలియక చివరికి రొమ్ము మొత్తం తీయాల్సి వచ్చింది. ఆమె ముఖం నాకు ఇంకా గుర్తుంది.

స్టేజి గురించి ఒక మాట, ఎందుకంటే దీని దగ్గర చాలామంది గుండె జారిపోతుంది. గడ్డ రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల మధ్య, చంకలో గ్రంథి ఉంది, దూరపు అవయవాల్లో లేదు అంటే పాత లెక్కలో రెండో స్టేజి చివరి భాగం. 2018 నుంచి వాడుతున్న కొత్త లెక్కలో సైజుతో పాటు గడ్డ గుణాన్ని కూడా కలుపుతారు, అప్పుడు ఇదే జబ్బును మూడో స్టేజి అని రాయొచ్చు. ఇంకో డాక్టర్ కాగితం మీద మూడు అని చూసి వారంలో ముదిరిందని అనుకోకండి. మీకు అసలు కావాల్సిన మాట ఒకటే: వేరే అవయవాలకు పాకలేదు, నయం చేయాలనే ఉద్దేశంతోనే వైద్యం జరుగుతోంది.

చిన్నమ్మ అన్నదానికి జవాబు: సూది గుచ్చినందుకు చంకకు పాకలేదు. బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా పోయిన నెలల్లో, లేదా అంతకు ముందే, అది తన దారిన పాకింది. ముక్క పరీక్ష లేకపోతే ఇది ట్రిపుల్ నెగెటివ్ అనే తెలిసేది కాదు, ఏ మందు ఇవ్వాలో తెలిసేది కాదు. ఆలస్యానికి అక్కను ఎవరూ నిందించొద్దు, నొప్పి లేని గడ్డను చూసి భయపడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పసరు మందు మాత్రం కీమో నడిచే కాలంలో వద్దే వద్దు. లివర్ దెబ్బతింటే కీమో ఆగిపోతుంది. ఇప్పటికే ఏమన్నా తాగి ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి, తిడితే పడండి.

ఆపరేషన్‌లో ఏం చేయాలన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు, ఆరు నెలల సమయం ఉంది, అదీ ముందు కీమో వల్ల దొరికే మేలే. గడ్డ వరకు తీసి రేడియేషన్, అంటే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే అది, ఇచ్చినవాళ్లూ, రొమ్ము మొత్తం తీయించుకున్నవాళ్లూ ఒకేలా బతికారని అమెరికాలో, ఇటలీలో 20 ఏళ్లు వెంబడించి చూసి 2002లో తేల్చారు. కాబట్టి మొత్తం తీస్తేనే ప్రాణం దక్కుతుందన్నది నిజం కాదు. మీ బావ మొత్తం తీసేస్తే కరెంటు తప్పుతుందని అనుకుంటున్నారేమో, చంకలో గ్రంథి ఉంది కాబట్టి అప్పుడు కూడా అవసరం పడొచ్చు. మూడు నుంచి ఐదు వారాలు హైదరాబాద్‌లో ఉండాల్సి వస్తుంది, ఎవరింట్లో ఉండాలో ఇప్పటి నుంచే చూసుకోండి.

ఈ నిర్ణయాన్ని బాగా మార్చగలిగేది జీన్ టెస్ట్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో మీరు కూడా గమనించని సంగతి ఇందులోనే ఉంది.

రొమ్ము క్యాన్సర్లు నూరు వస్తే పుట్టుకతో వచ్చిన జీన్ లోపం వల్ల వచ్చేవి ఐదు నుంచి పది. వాటిలో పేరున్నవి బీఆర్‌సీఏ ఒకటి, రెండు. మొదటిది 17వ క్రోమోజోమ్ మీద ఉంటుందని మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త 1990లో చూపించారు, 1994లో ఆ జీన్ దొరికింది, మరుసటి ఏడు 13వ దాని మీద రెండోది. ఈ జీన్లు చేసే పని మీ పని లాంటిదే. కణంలో డీఎన్ఏ దారం తెగితే కుడతాయి. ప్రతి మనిషికీ ఒక్కో జీన్ రెండు ప్రతులు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉన్నా రెండోది పని నెట్టుకొస్తుంది. ఏదో ఒక రొమ్ము కణంలో ఆ రెండోదీ చెడితే కుట్టేవాళ్లు లేక తెగిన దారాలు పేరుకుపోతాయి.

ఇప్పుడు మీ కుటుంబాన్ని చూడండి. అమ్మ తరఫున ఎవరికీ లేదు కాబట్టి వంశంలో లేదని అనుకుంటున్నారు. కానీ మేనత్తకు 41 ఏళ్లకే రొమ్ము జబ్బు, బాబాయికి ప్రొస్టేట్ క్యాన్సర్, అది కూడా ఈ లోపంతో రావొచ్చు, ఇద్దరూ మీ నాన్న తోడబుట్టినవాళ్లు. ఈ జీన్ మగవాళ్ల ద్వారా కూడా వస్తుంది. మీ నాన్న 70 ఏళ్లకు గట్టిగా ఉన్నా అది ఆయనలో ఉండి అక్కకు అంది ఉండొచ్చు. అంతకన్నా ముఖ్యం, ఆ మేనత్త మీ బావ కన్నతల్లి. "మా వంశంల లేదు" అంటున్న ఆయనకే తల్లి నుంచి వచ్చి ఉండే అవకాశం ఉంది. ఆయన్ని ఎత్తిపొడవడానికి కాదు ఈ మాట. ఆయనకు ఇరవై ఏళ్లప్పుడు తల్లి పోయింది, ఇప్పుడు భార్యకు అదే జబ్బు, ఆ కోపం వెనక ఉన్నదేమిటో మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంకెవరూ లేనప్పుడు, ఆయన్ని మీ నాన్న పక్కన కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పండి: ఇది మీ ఇంటిది, మా ఇంటిది అని తెంచగలిగేది కాదు, మన ఇద్దరిదీ ఒకే తాతది.

టెస్ట్ ముందు అక్కకే చేయాలి. కొద్దిగా రక్తం తీస్తారు, కొన్ని వారాల్లో రిపోర్ట్ వస్తుంది, కీమో ఆగదు. మూడు రకాలుగా రావొచ్చు. మొదటిది, లోపం తేలితే, అక్కకు రెండో రొమ్ములో కూడా వచ్చే అవకాశం ఎక్కువ, బీఆర్‌సీఏ ఒకటి అయితే 20 ఏళ్లలో నూటికి దాదాపు నలభై. అప్పుడు రెండూ తీయించుకోవడమా, ఏటా ఎంఆర్ఐ, మామోగ్రామ్ చేయించుకుంటూ ఉంచుకోవడమా అన్నది అక్క ఇష్టం. రెండోది తీస్తే రాబోయే కొత్త జబ్బు తప్పుతుంది కానీ ఇప్పుడున్న జబ్బు ఫలితం మారదు, ఈ తేడా ఆమెకు స్పష్టంగా చెప్పాలి. అండాశయాల సంగతి వేరు. ఈ లోపంతో అక్కడా క్యాన్సర్ రావొచ్చు, దాన్ని ముందుగా పట్టే నమ్మకమైన పరీక్ష లేదు, కాబట్టి పిల్లలు చాలనుకున్నాక, బీఆర్‌సీఏ ఒకటి అయితే 35, 40 ఏళ్ల మధ్య, రెండు అయితే 40, 45 మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించుకోమంటాం. అక్కకు 43, వైద్యం ముగిశాక ఈ మాట వస్తుంది. రెండోది, లోపం లేదని రావొచ్చు. మూడోది "అర్థం తెలియని మార్పు" అని రావొచ్చు, దాన్ని చూసి ఎవరూ ఏ అవయవం తీయించుకోకూడదు.

అక్కకు లోపం తేలితేనే మీరు చేయించుకోండి, అప్పుడు ఆ ఒక్క చోటు మాత్రమే చూస్తారు, ఖర్చు తక్కువ. మీకు ఉండే అవకాశం సగం. ఉన్నా జబ్బు ఉన్నట్టు కాదు, కానీ 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి డెబ్బై దాకా ఉంటుంది. కొందరు ఏటా స్కాన్లతో కాపు కాస్తారు, కొందరు ముందే ఆపరేషన్ చేయించుకుంటారు, కొందరు అసలు తెలుసుకోవద్దనుకుంటారు, అదీ మీ హక్కే, కాకపోతే తెలియకపోయినా కాపు మాత్రం మానకూడదు. టెస్ట్ ఏం చెప్పినా, చెప్పకపోయినా, మీరు ఈ నెలలోనే మామోగ్రామ్ చేయించుకోండి. అక్కకు జబ్బు వచ్చిన వయసుకు పదేళ్ల ముందే మొదలుపెట్టాలి, మీకు ఆ వయసు మూడేళ్ల కిందే దాటింది. అన్నకూ చెప్పండి, బీఆర్‌సీఏ రెండు లోపం ఉన్న మగవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, రొమ్ము క్యాన్సర్ కూడా నూటికి ఏడుగురి దాకా వస్తుంది. బాబాయిని చూసినవాడే కదా.

ఇక పిల్ల. 19 ఏళ్ల అమ్మాయికి ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ గురించి చేయాల్సింది ఏమీ లేదు, స్కాన్లు మొదలయ్యేది 25 నుంచి. అక్క రిపోర్ట్ అక్కది, దాన్ని ఫోన్లలో పంపకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బయటి సంబంధమైతే ఆ పిల్ల తనకు తానుగా చెప్పుకునే రోజు దాకా ఆగమనేవాడిని. మీరు అనుకుంటున్నది అన్న కొడుకుతో, మళ్లీ మేనరికం. ఒకవేళ ఇద్దరిలోనూ బీఆర్‌సీఏ రెండు లోపం ఉంటే, పుట్టే బిడ్డకు రెండు చెడ్డ ప్రతులూ అందే అవకాశం నాలుగింట ఒకటి, అప్పుడు చిన్నతనంలోనే తీవ్రమైన రక్తపు జబ్బు రావొచ్చు. కాబట్టి అక్కకు లోపం తేలితే ఆ పెళ్లి మాట ముందుకు పోయేలోపు అన్న, ఆ తర్వాత పిల్లలిద్దరూ కౌన్సెలింగ్ తీసుకుని, ఇష్టమైతే టెస్ట్ చేయించుకోవడం న్యాయం. బావకు కూడా ఉంటే అక్క పిల్లలకు వచ్చే అవకాశం సగం కన్నా ఎక్కువ. మేనరికం ఆపాలా వద్దా అన్నది నేను చెప్పను, తెలిసి నిర్ణయించుకోండి అంటాను. టెస్ట్ చేయించకపోతే పెళ్లి ఆగదు, నిజమే, ఉన్న లోపం కూడా పోదు.

డబ్బు గురించి. ప్లాటు డబ్బు ఇప్పుడే ఎవరి కౌంటర్‌లోనూ కట్టకండి. ఆరోగ్యశ్రీని 2007లో మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి పది లక్షలు. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ అందులో ఉన్నాయి. మీరు చూపించుకుంటున్న చోట ఆరోగ్యమిత్రను, అంటే ఆరోగ్యశ్రీ పనులు చూసే మనిషిని, కలిసి, మీ కీమో ప్యాకేజీలో ఏది వస్తుంది, జీన్ టెస్ట్ వస్తుందా అని కాగితం మీద రాయించుకోండి. కుదరకపోతే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆస్పత్రులు, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. రెండో అభిప్రాయానికీ అక్కడికే వెళ్లొచ్చు. దానికి వారం, పది రోజులు పోయినా నష్టం లేదు, రెండు మూడు నెలలు పోతే ఉంది. ఈ రకానికి కీమోతో పాటు ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు కూడా ఉంది, చాలా ఖరీదు. దాని గురించి అడగండి, కానీ అది కొనలేకపోతే వైద్యమే దండగ అని ఎవరన్నా అంటే నమ్మకండి. అప్పుచేసి ఇల్లు మునిగే పని చేయొద్దు.

మంగళవారానికి ముందు ఒక థర్మామీటర్ కొనండి. కీమో ఇచ్చిన తర్వాత వారం, పది రోజులకు తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం 100.4 దాటితే డోలో వేసి పడుకోబెట్టొద్దు, రాత్రి రెండైనా సరే ఆస్పత్రికి బయలుదేరాలి. మీ ఊరి నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే హైదరాబాద్‌కు రెండు గంటలు, ఏ బండి పిలవాలో, ఎవరు తోడు పోవాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఈ పని మీ బావకు అప్పగించండి, ఆయనకు చేతిలో ఏదో ఒక పని కావాలి.

అక్క అడిగినదానికి జవాబు ఎవరూ చెప్పినట్టు లేరు. అవును, పోతుంది. మొదటి కీమో అయిన రెండు, మూడు వారాలకు దువ్వెనకు, దిండుకు కుచ్చులు కుచ్చులుగా వస్తుంది, కనుబొమ్మలు కూడా పలచబడతాయి. కీమో అయిపోయిన నెల, రెండు నెలలకు మళ్లీ మొలకలు వస్తాయి, కొందరికి ముందు కొంచెం వంకీలుగా వస్తుంది. ఊడేదాకా చూడకుండా, ఆమెకు ఇష్టమైతే, ఈ ఆదివారం మీరే కూర్చోబెట్టి పొట్టిగా కత్తిరించండి, షాపులో మెత్తటి కాటన్ బట్టతో రెండు మూడు స్కార్ఫులు కుట్టి పెట్టండి. కుట్టు తలకు ఒరుసుకోకుండా లోపలి వైపు మడత వేయండి, ఆ రోజుల్లో చర్మం చాలా సున్నితంగా ఉంటుంది.